షెడ్డు జరిపిన ఏడాది

ఉద్యోగం పూర్తిగా మానేసి నా దగ్గరికి వచ్చేస్తానని మా అక్క ఫోను చేసినప్పుడు, ముందు అడిగింది నా ఆరోగ్యం గురించి కాదు, గది గురించి.

"నాకంటూ వేరే గది ఉండాలి. దాంట్లోనే బాత్‌రూము ఉండాలి. నువ్వు గురక పెడతావు. నీ పక్కన నేను పడుకోలేను," అంది.

మా అక్క నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా ఆసుపత్రుల క్వార్టర్లలోనూ హాస్టళ్లలోనూ గడిచిపోయింది. రిటైరయ్యాక కూడా మిషను ఆసుపత్రివాళ్లు ఉండమంటే ఉండిపోయింది. నేను పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో టీచరుగా చేసి, మావారు కట్టించిన ఇంట్లోనే ఉండిపోయాను. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. హాలు, ఒక పడకగది, వంటిల్లు. వెనక పెద్ద పెరడు.

కొత్త గది వేయడానికి పెరట్లో ఒక్కటే చోటు ఉందని మేస్త్రి చెప్పాడు. వెనక సందులో మురుగుకాలవ ఉన్న మూల. బాత్‌రూము నీళ్లు అటే పోవాలి. ఆ మూలనే మావారి చెక్కల షెడ్డు ఉంది.

ఆ షెడ్డు గురించి కొంచెం చెప్పాలి. మావారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. వడ్రంగం ఆయన వృత్తి కాదు, సరదా. మా చర్చిలోకి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చినప్పుడు పాత మద్దిచెక్క బెంచీలన్నీ వేలం వేశారు. ఎవరికీ అక్కర్లేని విరిగిన బెంచీలు ఈయన బండి మీద ఇంటికి తెచ్చుకున్నారు. సెలవురోజుల్లో వాటిని ఊడదీసి, చిత్రిక పట్టి, కింద రెండు దూలాలు వేసి, వాటి మీద ఈ షెడ్డు కట్టారు. పైన రేకులు. ఆ బెంచీలు ఇచ్చిన కుటుంబాల పేర్లు చెక్కల మీద తెల్లరంగుతో రాసి ఉండేవి. ఆయన పేర్లన్నీ గీకేశారుగాని, లోపలిగోడలో ఒక చెక్క తిరగేసి కొట్టడంతో "జ్ఞాపకార్థము" అన్న మాట తలకిందులుగా మిగిలిపోయింది. అది చూసి నేను నవ్వాను. ఆయనకి కోపం వచ్చింది.

అప్పట్లో పక్కింటాయన గోడ అవతల నుంచి చూసి, "అది ఈశాన్యం మూలండి. అక్కడ బరువు పెట్టకూడదండి," అన్నాడు. ఆయన రైతు, వాస్తు నమ్మే మనిషి. మావారు, "మాకు అన్ని మూలలూ దేవుడివేనండి," అన్నారు. ఆ తరవాత కొన్నాళ్లకే మావారు గుండెపోటుతో పోయారు. పక్కింటాయన ఆ మూల గురించి నాతో మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మర్యాద ఆయనకి ఉంది.

షెడ్డు ఊడదీయించి చెక్కలు పేర్చి పెడదామనుకున్నాను. వడ్రంగి వచ్చి నాలుగువైపులా తట్టి చూసి, "మేకులన్నీ తుప్పు పట్టి చెక్కలో కలిసిపోయాయమ్మా. పీకితే చెక్క చీలిపోద్ది. ఆనక పొయ్యిలోకే," అన్నాడు.

ఆ మాట విని పక్కింటాయన గోడ దగ్గరికి వచ్చాడు. "ఊడదీయడం ఎందుకండీ టీచరుగారూ? అలాగే లాగేద్దాం. ఇంతింత పడవలనే ఒడ్డుకి లాగుతారు, ఇదెంత? ఆ చివర నైరుతిలో పెట్టేద్దాం. అక్కడ ఎంత బరువుంటే అంత మంచిదండి."

"మరి ఖాళీ అయిన మూలలో గది కడతాం కదండీ?"

ఆయన రెండు మూలలూ మార్చి మార్చి చూశాడు. "అదే నాకూ అర్థం కావట్లేదండి. సరే, ముందు ఇది లాగుదాం," అన్నాడు.

కాలవలకి నీళ్లు వదిలిన రోజుల్లో ఒక ఉదయం, రేవులో పడవలు లాగే మనుషుల్ని ఆయనే పిలుచుకొచ్చాడు. లారీ జాకీలు, పెద్ద మోకు, సరుగుడు దుంగలు తెచ్చారు. షెడ్డులో ఉన్నవన్నీ నేను ముందురోజే బయట పెట్టించాను: కొబ్బరికాయలు, పార, గునపం, పాడైపోయిన టేబుల్ ఫ్యాను, క్రిస్మస్ నక్షత్రం వెదురుచట్రం. చర్చి బెంచీలతో కట్టింది కాబట్టి మా పాస్టరుగారు కబురు అందుకుని భార్యతో సహా వచ్చారు. ఆయన ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యేదాకా తల వంచుకుని నిలబడిన పక్కింటావిడ, ఆమెన్ అనగానే ముందుకొచ్చి కొబ్బరికాయ కొట్టింది. పాస్టరుగారు కొబ్బరిముక్క తీసుకున్నారు.

జాకీలతో ఒక్కో మూలా ఎత్తి, కింద దుంగలు దూర్చారు. మోకు కట్టి "ఐలెస్సా" అంటూ లాగితే షెడ్డు ముందు కిర్రుమంది, తరవాత కదిలింది. గోడలు అటూ ఇటూ ఊగాయి. వెనక మిగిలిన దుంగని ఒకరు తీసి ముందుకి తెచ్చి వేస్తున్నారు. షెడ్డు జరిగినమేర కింద గడ్డి లేని పాలిపోయిన నేల బయటపడింది. చెదలు, గాజుసీసా ముక్కలు, ఒక దువ్వెన.

పాస్టరుగారి భార్య నా పక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆయన చేతులతో కట్టింది కదమ్మా. ఏడిచెయ్యి. తేలికవుతుంది," అంది.

నేను మోకు వైపు చూస్తున్నాను. ముడి జారుతున్నట్టు అనిపించింది. ఆ మాటే ఆవిడతో చెప్పాను. ఆవిడ నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. దుఃఖాన్ని దాచుకుంటున్నాననుకుని ఉంటుంది. నిజానికి నా లోపల దాచుకోవడానికి ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఆయన కోసం నేను ఏడవని రోజులు, ఏడ్చిన రోజులు రెండూ ఉన్నాయి. ఆ రోజు ఏడవని రోజుల్లో ఒకటి, అంతే.

షెడ్డు పెరటి మధ్యకి, నూతి పక్కకి వచ్చేసరికి వాన మొదలైంది. ముందు చినుకులు అనుకున్నాం. తరవాత ఆకాశం మూసుకుపోయింది. మాది బంకమట్టి నేల. దుంగలు తిరగడం మానేసి నేలలోకి దిగిపోయాయి. మనుషులు మోకాళ్లదాకా బురదలో నిలబడి లాగినా షెడ్డు ఒకపక్కకి ఒరిగిందిగాని ముందుకి రాలేదు.

"ఎండ కాశాక వస్తాంలెండి," అని దాని కింద రాళ్లు పెట్టి సరిచేసి వెళ్లిపోయారు.

ఎండ కాయలేదు. ముసురు పట్టుకుంది. వాన తెరిపిచ్చేసరికి ఊళ్లో వరి ఊడ్పులు మొదలయ్యాయి. ఊడ్పుల్లో మనిషి దొరకడం కష్టం. పక్కింటాయన తన చేలకే కూలీల కోసం తిరుగుతున్నాడు. నా షెడ్డు గురించి అడగడం నాకు బాగుండదనిపించింది. అది పెరటి మధ్యలో, వంటింటి గుమ్మానికి ఎదురుగా, ఎవరో చుట్టం వచ్చి కూర్చోమనలేదని నిలబడినట్టు నిలబడిపోయింది. నూతి దగ్గరికి వెళ్లాలంటే చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

గది మొదలుపెట్టకముందే అక్క వచ్చేసింది. వానలో ఆటో దిగింది. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, బీపీ మిషను పెట్టిన సంచీ. ఒక ఉద్యోగం మొత్తానికి మిగిలిన సామాను అంతే. కాఫీ తాగుతూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అదేంటే, మధ్యలో పెట్టించావు?"

"పెట్టించలేదు. లాగుతుంటే ఆగిపోయింది."

"దాంట్లో ఏముంది?"

"ఏం లేదు. ఖాళీ."

గ్లాసు నా చేతికిచ్చి, గొడుగు వేసుకుని వెళ్లింది. చాలాసేపు రాలేదు. తరవాత షెడ్డు తలుపులోంచి కేక వినిపించింది. "చీపురు ఉంటే ఇటు పట్టుకురా."

నాకు అర్థమై, "అక్కడ పడుకోవడమేంటి? పాములొస్తాయి," అన్నాను.

"వస్తే నిన్ను పిలవన్లే."

ఆ సాయంత్రమే నవారు మంచం వేయించుకుంది. వంటింట్లోంచి వైరు లాగించి బల్బు పెట్టించుకుంది. గోడచెక్క మీద తిరగబడిన అక్షరాలు చూసి, "పడుకుంటే సరిగ్గా కనిపిస్తాయనుకున్నాను. కనపడట్లేదు," అని చెప్పింది. నాకు లోపల్లోపల కొంచెం కష్టంగానే ఉంది. పక్కా ఇల్లు ఉండగా మా అక్క పెరట్లో రేకుల కింద ఉందంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ మాట అంటే, "నాలుగురోజులు అనుకుంటారు. తరవాత బీపీ చూపించుకోడానికి వస్తారు," అంది.

అలాగే జరిగింది. ముందు పక్కింటావిడ వచ్చింది. తరవాత సందులోవాళ్లు. ఊడ్పులకి వెళ్లొచ్చి నీళ్లలో నాని కాళ్లవేళ్లు ఒరిసిపోయిన ఆడవాళ్లు వచ్చేవారు. అక్క వాళ్ల కాళ్లు కడిగించి మందు రాసేది. పెరట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. నేను వంటింట్లోంచి చూస్తూ ఉండేదాన్ని. ఇన్నేళ్లలో నా పెరట్లోకి అంతమంది రాలేదు.

పక్కింటాయన కూడా వచ్చాడు. అక్క బీపీ చూసి మిషను ముడిచి పక్కన పెట్టింది.

"ఆవకాయ తింటున్నారా?"

"కొద్దిగానండి."

"ఎంత కొద్దిగా?"

ఆయన నావైపు చూశాడు. "టీచరుగారు పిల్లల్ని కూడా ఇలా అడిగేవారు కాదండి," అన్నాడు. మర్నాటి నుంచి మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడని వాళ్లావిడ చెప్పింది.

ఒక మధ్యాహ్నం వాన లేదు. నేనూ అక్కా షెడ్డు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. అక్క ఉన్నట్టుండి అడిగింది.

"దీన్ని లాగినప్పుడు మరిది గుర్తొచ్చాడా?"

"లేదు."

"నిజం చెప్పు."

"నిజమే. ముడి జారిపోతుందేమో అని భయపడ్డాను."

అక్క తల ఊపింది. "అమ్మ పోయినరోజు నేను డ్యూటీలో ఉన్నాను. కబురొచ్చాక కూడా వార్డు అప్పగించి, పేషెంట్ల మందులు రాయించి బయల్దేరాను. బస్సులో ఏడుస్తాననుకున్నాను. నిద్రపోయాను. అందరూ నన్ను రాయి అన్నారు."

అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నానని ఇద్దరికీ తెలుసు. అక్క గిన్నె నా ఒళ్లోకి జరిపి, "పుచ్చిపోయినవి కూడా వేసేస్తున్నావు, చూసుకో," అంది.

ఊడ్పులు అయ్యాక, నేల ఆరాక, మనుషులు మళ్లీ వచ్చారు. అక్క బట్టలూ ట్రంకూ వరండాలోకి తెచ్చాం. మంచం మాత్రం లోపలే ఉంది. దాని మీద అక్క కూర్చునే ఉంది.

"దిగండమ్మా," అన్నాడు పక్కింటాయన.

"దిగి ఎక్కడికి వెళ్లాలి?"

"అది కాదండీ, ఊగుతుంది. పడతారు."

"నేను ఎంత బరువుంటాను? లాగండి. లోపల ఎక్కడ చెక్క విడుతోందో ఒకరు చూడాలి కదా."

అందరూ నావైపు తిరిగారు. చిన్నప్పుడు మా అక్కని ఎవరూ ఒప్పించలేకపోయిన సంగతి నాకు తెలుసు. "లాగేయండి," అన్నాను.

లాగారు. షెడ్డు కదిలింది. తలుపుచట్రం పట్టుకుని కూర్చున్న అక్క, షెడ్డుతోపాటు నా ముందునుంచి నెమ్మదిగా జరిగిపోయింది. మొహంలో ఏ భావమూ లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టు ఉంది. సందులోవాళ్లంతా గోడ దగ్గర మూగారు. పక్కింటావిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యలో ఫట్‌మని చప్పుడైంది. వెనకపక్క మూలలో ఉన్న స్తంభం చీలింది. షెడ్డు ఒక్కసారి ఒరిగేసరికి నేను గట్టిగా "అక్కా!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలీదు.

"ఏం కాలేదు. ఈ మూల చీలింది. తాడు కట్టండి," అంది లోపల్నించి.

స్తంభానికి తాడు చుట్టి, మిగతా దూరం మెల్లగా లాగి, నైరుతి మూలలో నిలబెట్టారు. అక్క దిగింది. చీర దులుపుకుంది. అప్పుడు చూశాను, తలుపుచట్రం పట్టుకున్నచోట ఆమె అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నేను చూశానని తెలిసి రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. నేను అందరికీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. లైటరు తీసుకుని, స్టవ్ వెలిగించకుండానే పక్కన పెట్టేశాను. కాసేపు గట్టు పట్టుకుని నిలబడ్డాను. మావారు పోయినరోజు కూడా ఇలాగే, అదే గట్టు పట్టుకుని నిలబడిన సంగతి గుర్తొచ్చింది. టీ కొంచెం ఆలస్యమైంది.

తరవాత పెద్దగా చెప్పడానికి లేదు. వానలు వెనకబట్టాక మేస్త్రి గది కట్టాడు, బాత్‌రూముతో సహా. ఈశాన్యంలో పునాది తీసేరోజు పక్కింటాయన గోడ అవతల నుంచి చూసి లోపలికి వెళ్లిపోయాడు. గోడకి తెల్లసున్నం వేయించాను. అక్క సామాను గదిలోకి మార్చుకుని రెండు రాత్రులు పడుకుని, స్లాబు వేడి భరించలేనంది. బాత్‌రూము బాగుందంది. ఇప్పుడు స్నానానికి గదిలోకి, పడకకి షెడ్డులోకి. గదిలో ఎవరైనా చుట్టాలొస్తే ఉంటారు. మామూలు రోజుల్లో నేనే మధ్యాహ్నాలు అక్కడ పడుకుంటున్నాను. నాకు స్లాబు వేడి అంత బాధించదు.

నిన్న అక్క షెడ్డుకి ఒక కిటికీ కోయించమంది. గోడ చీలిపోతుందని నేనన్నాను. పొద్దున్నించీ మాట్లాడుకోలేదు. వంట అయింది. చారు ఆమెకి వేడిగా ఉండాలి. పిలవాలి.