రందికి చెవి ఒగ్గిన టీచరమ్మ

అనసూయ టీచరమ్మ కన్నుమూశారని మా ఊరు బోధన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నిజామాబాద్‌లో తొమ్మిదో తరగతికి సంధులు చెబుతున్నాను. ఆ సంధులు నాకు నేర్పింది ఆమే. నిద్రలోనే గుండె ఆగిందట. ఇందరి దుఃఖాన్ని ఓపికగా విన్న ఆ మహనీయురాలు తన బాధ ఒక్క మాటైనా చెప్పుకోకుండా వెళ్లిపోయారు. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆమె తన ముందుగదిని చిన్న గ్రంథాలయం చేశారు. మనసు గురించి, దాంపత్యం గురించి మంచి పుస్తకాలు ఏరి ఏరి తెచ్చారు. గుమ్మం మీద ‘మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం’ అని బోర్డు రాయించారు. ఎవరూ రాలేదు. ఒకాయన మాత్రం గడప బయటే నిలబడి “పిచ్చి దవాఖాన గిదేనా మేడం?” అని అడిగి, జవాబు వినకుండానే జారుకున్నాడు. “నా పాండిత్యమే నన్ను ముంచింది” అని ఆమె నవ్వేవారు.

దాంతో ఒక ఆదివారం ఇరుగుపొరుగును చాయ్‌కి పిలిచి, ఒక పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టారు. ‘నిస్పృహ’ అన్న మాట దగ్గర ఆగి, “దీన్ని మన దిక్కు ఏమంటరు?” అని అడిగారు. ఏర్గట్ల ఊరి నుంచి కూతురింటికి వచ్చిన అవ్వ ఒకామె, “గది రంది బిడ్డా. మనిషిని లోపల్నుంచి తింటది” అంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన చెరుకు రైతు సుబ్బారావు గారు ఊరుకోలేదు. “మా వైపు బెంగ అంటామండి” అన్నారు. కాసేపు వాదులాట నడిచింది. “పేరు ఏదైతేంది, మోసేటోళ్లకు బరువు ఒక్కటే” అని టీచరమ్మ తేల్చేశారు. మరుసటి వారం బోర్డు మారింది. ‘రంది ముచ్చట’, దాని కింద చిన్న అక్షరాల్లో ‘బెంగ కూడా’. ఆ తర్వాత గదిలో చోటు చాలేది కాదు.

ఆ గదిలో నియమం ఒకటే. “ఒకరు చదవాలె, ఇంకొకరు వినాలె. నడుమల జవాబు చెప్పొద్దు.” సుబ్బారావు గారికి సలహాలివ్వకపోతే తోచదు. “మీ సలహాలు చెరుకుతోటకు చెప్పుకోండి సార్, అది కాదనదు” అని ఆమె ఆటపట్టించేవారు.

పాప పుట్టాక నా భార్య లావణ్య గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. గాలి సోకిందని మావాళ్లు కందకుర్తి తీసుకెళ్లి గోదావరి స్నానం చేయించారు. మార్పు లేదు. ఆమె నాకు దక్కదేమోనని భయపడి టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. టీచరమ్మ వివరాలేమీ అడగలేదు. లావణ్య చేతికి పుస్తకం ఇచ్చి, “మీ ఆయనకు ఒక్క పేజీ చదివి వినిపియ్యి బిడ్డా” అన్నారు. లావణ్య సన్నగా చదివింది. పేజీ అయిపోయింది, కానీ గొంతు ఆగలేదు. చూపు పుస్తకం మీదే ఉంది, మాటలు మాత్రం పుస్తకంలోవి కావు. “పిల్లనెత్తుకుంటె నా పిల్ల అనిపిస్తలేదు. నాకు బతుకబుద్ధి అయితలేదు.” నేను నోరు తెరవబోతే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపారు. అంతా విన్నాక, “పుస్తకం నోరు తెరిపిస్తది. మందు డాక్టరే ఇయ్యాలె” అని, మర్నాడే మాతో నిజామాబాద్ వచ్చి మానసిక వైద్యుడి ముందు కూర్చోబెట్టారు. కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈరోజు నా ఇల్లు ఇల్లులా ఉందంటే అది ఆమె చలువే.

ఆమె పోయిన తర్వాతి ఆదివారం అందరం అక్కడే చేరాం. అంతలో మోర్తాడ్ నుంచి ఒక జంట వచ్చింది. వాళ్లకు సంగతి తెలియదు. “టీచరమ్మ ఉన్నదా?” అని అడిగింది ఆ అమ్మాయి.

“లేదక్కా, పోయింది” అంది లావణ్య. ఆ అమ్మాయి వెనక్కి తిరగబోతుంటే లావణ్య లేచి ఎదురెళ్లింది. “కూసో అక్కా. మేం వింటం.”