ఆగిన దీపావళికి రేపల్లె ప్రయాణం

దీపావళికి ముందురోజు పొద్దున్న బాపట్ల స్టేషన్లో ఏడున్నర ప్యాసింజరు కోసం నేనూ, మా అయిదేళ్ళ పద్మా నిలబడ్డాం. నాకు టిక్కెట్టు, దానికి అర టిక్కెట్టు. ఒక బట్టల సంచి, మరచెంబుతో నీళ్ళు, అరిటాకులో కట్టిన పులిహోర. మావారు బండెక్కించడానికి వచ్చారు గానీ తాను రానన్నారు. ఆఫీసులో సెలవు దొరకలేదట. అసలు అడగనే లేదని నాకు తెలుసు.

ఈ ప్రయాణానికి కారణం రేపల్లె నుంచి మా అత్తగారు రాయించిన కార్డు. "ఎర్రావు నిండు చూలుతో ఉంది. పొదుగు దిగింది. పండగనాటికి ఈనేలా ఉంది. పిల్లని తీసుకుని తప్పకుండా రండి." ఆవు ఈనితే రైలెక్కి పోవడమేంటి అనుకుంటారు ఎవరైనా. చెబుతాను.

నాలుగేళ్ళ కిందట దీపావళినాటి సాయంత్రం, ఆ రేపల్లె ఇంట్లోనే, మా పెద్దాడు రవి పోయాడు. వాడికి మూడో ఏడు. మూడు రోజుల జ్వరం, అంతే. పండగనాడు ఇంట్లో చావు జరిగితే ఆ పండగ ఇంటివాళ్ళందరికీ ఆగిపోతుంది, అది మా ఆచారం. మళ్ళీ అదే పండగనాడు ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదా ఇంటి ఆవు ఈనాలి. అప్పుడే పండగ తిరిగొస్తుంది. అందాకా ఆ రోజు గడపకి పసుపు లేదు, తలంటు లేదు, మతాబా లేదు. అన్నదమ్ములు ఏ ఊళ్ళో కాపురమున్నా అంతే. నాలుగేళ్ళుగా రేపల్లెలో మా తోటికోడలి పిల్లలు ముగ్గురూ, బాపట్లలో మా పద్మా, దీపావళికి తలుపులు వేసుకుని వీధిలో మోతలు వింటూ కూర్చుంటున్నారు.

"మనకెందుకు లేదమ్మా?" అని పద్మ ఏటా అడుగుతుంది. "అన్నయ్య పోయాడు కదా, అందుకు" అంటాను. ఏడాది మొత్తం మీద వాడి మాట ఇంట్లో వచ్చేది ఆ ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఎత్తితే అత్తగారు "పోయినవాణ్ణి తలుచుకుంటే ఉన్నవాళ్ళకి మంచిది కాదమ్మాయ్" అని నోరు మూయిస్తారు. మావారైతే చొక్కా తగిలించుకుని బజారుకు పోతారు. అందుకని ఉన్న మాట చెప్పేస్తున్నాను, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. ఆ ఆవు ఆ రోజు ఈనకూడదని దారిపొడుగునా మొక్కుకుంటూ వెళ్ళాను. నా ఒళ్ళో కూర్చున్న పిల్లేమో ఈనాలని మొక్కుకుంటోంది.

బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. రాత్రి కురిసిన వానకి చేలల్లో నీళ్ళు నిలిచి, వరి అక్కడక్కడ పడిపోయి ఉంది. నిడుబ్రోలులో కాకుమాను రైతు ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. సంచిలో పైన తోటకూర కట్టలు, వాటి కింద టపాకాయలు. పద్మ కళ్ళు ఆ సంచిని వదల్లేదు.

"టీసీగారికి చెప్పకమ్మలూ, నీకో కాకరపువ్వొత్తి ఇస్తాలే" అన్నాడాయన.

"మాకు పండగ లేదండి. మా ఆవు ఈనితే వస్తుందండి" అంది పద్మ.

ఇక ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. మా ప్రాంతంలో పుట్టినవాడు కదా. నా వంక చూసి, "ఎవరమ్మా పోయింది?" అన్నాడు.

"మా అబ్బాయండి."

"అయ్యో తల్లీ. ఈనుద్దిలే. మంచి గొడ్డయితే మాట నిలబెడుద్ది" అని ఓదార్చాడు పాపం. కక్కలేక మింగలేక కిటికీ వైపు తిరిగాను.

తెనాలిలో దిగేసరికి తొమ్మిదిన్నర. రేపల్లె బండి పదీ నలభైకి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట చెబుతున్నాను, తెనాలిలోనే కడుపు నింపుకోండి. ఆ చిన్న లైన్లో ఒక్కో స్టేషనూ ఎండలో నిలబడ్డ పెంకుటిల్లంత ఉంటుంది, ఇడ్లీ కాదుగదా మంచినీళ్ళు కూడా నమ్మకం లేదు. మేం బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. పండగ జనంతో ప్లాట్‌ఫారం కిక్కిరిసి ఉంది. కొత్త బట్టల పొట్లాలు, కొత్త అల్లుళ్ళు, ఏడుస్తున్న పిల్లలు.

రేపల్లె బండిలో నా పక్కన నిజాంపట్నం ఆమె కూర్చుంది. ఎండుచేపలు అమ్ముకుని ఖాళీ తట్టతో తిరిగి వెళ్తోంది. వాసనకి కొందరు ముక్కు మూసుకుని అవతలికి జరిగారు. పద్మ ఆవిడకి కూడా ఆవు కథంతా చెప్పింది. ఆవిడ శ్రద్ధగా విని, "మాకు ఆ ఇబ్బంది లేదమ్మా" అంది నాతో. "నా పెద్దకొడుకు సముద్రం మీద ఏటకెళ్ళాడు, రాలేదు. ఏ రోజు పోయాడో ఎవరికి తెలుసు? తెలిస్తే ఓ పండగ ఆపుకుందును." వేమూరు దాటాక పద్మ ఆవిడ భుజం మీద వాలి నిద్రపోయింది. కొడుకు పోయిన రోజు నాకు తెలుసు, అదే నాకున్న ఆస్తి అనిపించింది. ఎంత దిక్కుమాలిన ఆస్తో చూడండి.

పన్నెండు దాటాక రేపల్లెలో దిగి రిక్షా ఎక్కాం. ఊరి చివర ఇల్లు. గుమ్మంలో పిల్లల్లేరు, ముగ్గురూ ఆవు కొట్టం దగ్గరే ఉన్నారు. పద్మ సంచి పడేసి అటే పరిగెత్తింది. ఎర్రావు బద్ధకంగా నెమరేస్తోంది. "ఇవాళ ఈనకే తల్లీ, రేపు ఈను" అని పిల్లలు దాన్ని బతిమాలుతున్నారు. అత్తగారు నన్ను చూసి, "వచ్చావా సుశీలా, కాళ్ళు కడుక్కో" అన్నారు. వాడి మాట అనలేదు, నేనూ అనలేదు.

మర్నాడు దీపావళి. ఊరంతా నూనె పెట్టుకుని తలంట్లు పోసుకుంటుంటే మా ఇంట్లో ఉత్తి స్నానాలు, పప్పూ అన్నం. మూడింటికి ఆవు పడుకోవడం, లేవడం మొదలుపెట్టింది. బావగారు పంచె ఎగగట్టి కొట్టంలోకి వెళ్ళారు. పిల్లలు గడ్డిమేటెక్కి కూర్చున్నారు. నేను వంటింట్లో ఒక్కదాన్నే గోడకి చేరబడి, ఈ ఒక్క రాత్రీ ఆగవే, తెల్లారి ఇంకో రోజు రానియ్యవే అని ఆ మూగజీవాన్ని దేబిరించాను. నొప్పులు పడే ఆడదాన్ని ఆగమనడం ఎంత పాపమో నాకు తెలియదా? ఇద్దర్ని కన్నదాన్ని.

దీపాల వేళకి ఈనింది. కోడెదూడ. పిల్లల కేకలకి పక్కిళ్ళవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. నాలుగేళ్ళ కిందట వాళ్ళు అలా పరిగెత్తుకొచ్చింది కూడా సరిగ్గా ఆ వేళకే.

అత్తగారు తడి దూడ మెడ కావిలించుకుని భోరుమన్నారు. "నా తండ్రీ, నా రవీ, వచ్చావా అయ్యా!" అన్నారు. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ నోట ఆ పేరు అప్పుడే విన్నాను. ఇక పిల్లలు ఊరుకుంటారా? "రవి నిలబడ్డాడు! రవి పాలు తాగుతున్నాడు!" అని గంతులు.

బావగారు అటక మీంచి బుట్ట దించారు. చిచ్చుబుడ్లు, మతాబాలు, భూచక్రాలు. అన్నీ ముందే కొని దాచారు. అత్తగారు గబగబా గడపకి పసుపు రాసి ప్రమిదలు వెలిగించారు. మా తోటికోడలు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"రా సుశీలా, నువ్వూ ఒక దీపం పెట్టు."

"నావల్ల కాదక్కయ్యా."

"నాలుగేళ్ళు నా పిల్లలు కూడా నీ బిడ్డ కోసం చీకట్లో కూర్చున్నారు. ఏనాడైనా ఒక్కమాటన్నానా? ఇంక చాలదా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? "చాలక్కయ్యా" అని లేచి వెళ్ళి దీపం పెట్టాను. పద్మ కాకరపువ్వొత్తి పట్టుకోవడానికి భయపడి, నా చెయ్యి కూడా వెయ్యమంది. వేశాను. దాని మొహం చూస్తే నాకు సంతోషం కలిగింది, ఆ సంతోషానికి నామీద నాకే అసహ్యం వేసింది. వాడు పోయిన గది కిటికీ ఎదురుగానే పిల్లలు చిచ్చుబుడ్డి పెట్టారు. అక్కడ వద్దని అంటే ఎందుకని అడుగుతారు. అనలేదు.

మర్నాడు మిరియాలు, బెల్లం వేసి జున్ను కాచారు. మొదటి గిన్నె నాకే ఇచ్చారు. తిన్నాను. బాగుంది. అదే నా ఏడుపు.

ఆ మర్నాడు పొద్దున్న తిరుగు ప్రయాణం. తెనాలిలో రెండు గంటలు పడిగాపులు పడ్డాక బాపట్ల వైపు ప్యాసింజరు దొరికింది. సీటు కూడా సులువుగానే దొరికింది. మొత్తం మీద మంచి ప్రయాణమే, వాన లేదు, ఒక్క సామానూ పోలేదు. ఇక వచ్చే ఏటి నుంచి మా ఇంటి ముందూ దీపాలు వెలుగుతాయి. మనకెందుకు పండగ లేదని అడిగే అవసరం పిల్లకి ఉండదు. చెప్పే అవసరం నాకూ ఉండదు.

అప్పికట్ల దగ్గర ఎదుటి సీట్లో పెద్దావిడ పద్మని దగ్గరికి తీసుకుని, "నీకు అన్నదమ్ములున్నారా అమ్మలూ?" అని అడిగింది.

"రవి ఉన్నాడండి. రేపల్లెలో. దీపావళినాడు పుట్టాడు, అప్పుడే గెంతుతున్నాడు" అంది పద్మ.

పెద్దావిడకి అర్థం కాలేదు. నావైపు తిరిగి, "రవంటే ఎవరమ్మా?" అంది.

పద్మ నా మొహంలోకే చూస్తోంది, ఎంత గొప్పగా చెబుతానోనని.

"మా దూడండి" అన్నాను.