గోడతో ఆడిన వాలీబాల్

1996లో నేను ఉదయగిరి హైస్కూల్లో పీఈటీని. పిల్లలు డ్రిల్లు సారు అనేవాళ్ళు. బడి వదిలాక మైదానానికి పెద్దవాళ్ళు చేరేవాళ్ళు. బస్సు కండక్టర్లు, టీచర్లు, అంగళ్ళవాళ్ళు. దుర్గం కొండ నీడ పడే వేళకు వాలీబాల్ మొదలయ్యేది.

ఒక సాయంత్రం టైలర్ ఏసురత్నం కోర్టు గీత బయట నిలబడి ఉన్నాడు. బడి పిల్లల యూనిఫాంలు కుట్టేది అతనే. తాగుడు మానడానికి నెల్లూరు ఆస్పత్రిలో ఉండి అప్పుడే వచ్చాడు.

"సార్, నన్ను గూడా ఆటలో ఏసుకుంటారా? పొద్దుగూకితే నాలిక పీకతా ఉండాది. ఆ టయానికి ఒళ్ళు అలిసే పని ఏదో ఒకటి చెయ్యమన్నాడు డాక్టరు."

డాక్టరు మాట నాకు అర్థమైంది. ఒళ్ళు అలిస్తే ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది, మనసు కాసేపు వేరేచోట ఉంటుంది. ఏళ్ళ తరబడి మిషను ముందు కూర్చున్న మనిషి కాబట్టి మొదట్లో వార్మప్ మాత్రమే చేయించాను. అంటే ఆటకు ముందు కీళ్ళు, కండరాలు వదులయ్యే కదలికలు. తర్వాత వెనక వరసలో నిలబెట్టాను. బంతి అతని చేతికి తగిలి ఎటో పోయేది.

"ఏం రత్నం, బంతికి కాజాలు కుడతా ఉండావా?" అని కండక్టర్ మస్తాన్ ఎకసెక్కం చేసేవాడు.

"నీ చొక్కా నాకాడే ఉండాది, మెడ మూసేసి కుడతా చూడు."

వేసవి దగ్గరపడేసరికి అతని సర్వీసు నెట్టుకు ఆనీ ఆనకుండా అవతల పడేది. ముఖంలో కళ వచ్చింది.

మా ఆటకు ఒక పద్ధతి ఉండేది. ఓడిన జట్టు గెలిచిన జట్టుకు సారా తాపాలి. మద్యనిషేధం ఉన్నా సారా కొండ పక్కనుంచి వస్తూనే ఉండేది. నేనూ వాళ్ళతో కూర్చునేవాణ్ణి. ఏసురత్నం మాత్రం చివరి పాయింటు పడగానే చెప్పులు చేతబట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు అతని సర్వీసుతోనే గెలిచాం. మస్తాన్ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నీ వల్లనే గెలిచినాం. ఒక్క గుక్కకి ఏం గాదులేరా!"

ఏసురత్నం నా వైపు చూశాడు. అతన్ని ఆటలోకి తెచ్చింది నేను, నా మాట అక్కడ చెల్లుతుంది. నేను నవ్వి ఊరుకున్నాను. అతను గ్లాసు నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మరునాడు రాలేదు.

కొన్నాళ్ళకు బడి వెనక బంతి చప్పుడు వినిపిస్తే వెళ్ళి చూశాను. ఏసురత్నం ఒక్కడే గోడకు బంతి కొడుతున్నాడు.

"ఏందయ్యా, మమ్మల్ని వదిలేసి గోడతో ఆడతా ఉండావు?"

"గోడ తాగమనదు సార్," అన్నాడు, బంతి ఆపకుండానే.

అప్పుడైనా నేను అక్కడ నిలబడి ఉండాల్సింది. ఇంతలో మైదానం నుంచి "సార్, ఒకరు తక్కువైనారు" అని కేక వేశారు. వెళ్ళిపోయాను. మేం ఆడినంతసేపూ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ వేసవిలోనే అతను అంగడి మూసేసి భార్యతో సంగం అనే ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ తాగుడు మొదలుపెట్టి, మొహం చెల్లక ఊరు వదిలాడని టీ అంగడి దగ్గర అనుకున్నారు. నేను కాదనలేదు. ఇప్పటికీ ఊళ్ళో ఆ మాటే ఉంది. అది అబద్ధం.

చాలాకాలం తర్వాత ఆత్మకూరు బస్టాండులో అతని భార్య కనిపించింది.

"ఆస్పత్రి నుంచి వచ్చినాక ఒక్క చుక్క ముట్టలేదు సార్ మా ఆయన. పొద్దుగూకితే కాలవ గట్టున ఒక్కడే నడస్తాడు. నేనొస్తానన్నా వద్దంటాడు. బంతాట ఆడేవాళ్ళు కనబడితే దారి మార్చుకుంటాడు."

ఆమె కనిపించిన ఏడే మా మైదానంలో ఓడినవాళ్ళు తాపే పద్ధతి మాన్పించాను. తాగుడు మానిన మనిషి ఎవరైనా ఆటకు వస్తే, ఆట అయ్యాక అతనితో మాట్లాడుతూ ఇంటిదాకా నడుస్తాను. ఒళ్ళు అలిసేదాకా ఆడించడం నాకు ముందే తెలుసు. ఆ తర్వాతి గంట అతను ఎవరితో గడుపుతాడో చూసుకోవడం కూడా నా పనేనని ఏసురత్నం వల్ల తెలిసింది.

ఏసురత్నం ఇల్లు మైదానానికి రెండు వీధుల అవతలే ఉండేది.