ఎర్ర మూత పెట్టె

తూకం నా బతుకుదెరువు. బంగారం కొట్టు మాది. మిల్లీగ్రాము తేడా వచ్చినా పట్టేస్తాననే పేరు ఊళ్లో ఉంది. కాని ఎనిమిదేళ్లుగా నేను మోస్తున్న ఈ బరువు ఎంతో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను అనుకుంటా.

గోరంట్ల దారిలో, గుట్టకు ఎదురుగా ఉన్న బీడు భూమిలో మాకొక చిన్న రైఫిల్ క్లబ్బు ఉంది. మూడు వందల మీటర్ల దూరంలో టార్గెట్లు పెట్టుకుని కాల్చేవాళ్లం. అంత దూరంలో కొన్న తూటాలు ఒకే చోట పడవు. అందుకని కాల్చేసిన ఇత్తడి గుల్లల్ని శుభ్రం చేసి, ఒక్కొక్కదాంట్లో మందు తూచి పోసి, పైన గుండు బిగించి, మా తూటాలు మేమే తయారుచేసుకునేవాళ్లం. అందుకు క్లబ్బుకు పర్మిషన్ ఉండేది. తూచే పని మాత్రం ఎవరూ అడక్కుండానే నాకు వచ్చింది. బంగారం తూచేవాడికంటే ఇంకెవడికి వస్తుంది?

మా కొట్లోని పాత కాటానే క్లబ్బు గదిలో పెట్టాను. ఫ్యాను గాలికి కూడా అంకె కదిలిపోయే కాటా అది. ఫ్యాను ఆపేసి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఉడికిపోతూ తూచేవాణ్ణి. మా నాయన నేర్పిన పద్ధతే. ముందు సున్నా చూపించాలి, తరువాత బరువు తెలిసిన తూకపు రాయి పెట్టి సరిచూడాలి, ఆ తరువాతే తూకం. నేను తూచిన తూటాను క్లబ్బులో ఎవరూ మళ్లీ తూచేవాళ్లు కాదు.

అతని అసలు పేరు రాయను. ఓబులేసు అనుకోండి. సోమందేపల్లె అవతల ఒక పల్లె, గొర్రెలు కాచే ఇల్లు. నాకంటే పదేళ్లు చిన్న. సొంత రైఫిల్ కొనే తాహతు లేదు, క్లబ్బుదే వాడేవాడు. మేమంతా గాలి మీటరు పట్టుకుని కుస్తీ పడుతుంటే, అతను గుట్ట మీది బోదగడ్డి వైపు ఒకసారి చూసి, బుగ్గలు ఉబ్బించి ఊపిరి వదిలి, ట్రిగ్గరు నొక్కేవాడు. గొర్రెల వెంట తిరిగినవాడికి గాలి ఎటు మళ్లుతుందో ముందే తెలుస్తుంది. చూస్తే ముచ్చటేసేది. కడుపు మండేది కూడా. రెండూ ఒకేసారి ఎలా అవుతాయని నన్నడగకండి, నేనూ నన్ను అడిగి అడిగి విసిగిపోయాను.

ఆ ఏడు రాష్ట్ర జట్టులో మా క్లబ్బుకు ఒక్క చోటు వచ్చింది. దానికి పోటీలో మిగిలింది మేమిద్దరం. ఆ సర్టిఫికెట్ ఉంటే ఓబులేసుకు క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగం వచ్చే వీలుంది. నాకు? పేపర్లో పేరు. ఫ్రేము కట్టించి కొట్లో తగిలించుకునేవాణ్ణి. అంతే.

పోటీకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం ఎండలో క్లబ్బు గదిలో కూర్చుని ఇరవై తూటాలు కట్టాను. అయిపోయాక ఎందుకో అనుమానం వచ్చి రాయి పెట్టి చూస్తే కాటా తప్పు చూపిస్తోంది. బ్యాటరీ దిగిపోయింది. ఎన్నో తూటా దగ్గర తప్పడం మొదలైందో తెలియదు. ప్రాణానికి ముప్పు తెచ్చే తేడా కాదు, చాలా చిన్న తేడా. కాని ఒకదాంట్లో మందు కాస్త ఎక్కువ, ఒకదాంట్లో కాస్త తక్కువ పడితే, ఒక గుండు వేగంగా పోతుంది, ఒకటి నిదానంగా పోతుంది. మూడు వందల మీటర్లు పోయేసరికి ఒకటి పైన, ఒకటి కింద పడతాయి. ఆ ఇరవైనీ విప్పేయాలి. ఎర్ర మూత పెట్టెలో పోసి, తరువాత విప్పుదామని బీరువాలో నా అరలో పెట్టాను. మూత మీద చీటీ అంటించలేదు. బ్యాటరీ మార్చి, ఇంకో ఇరవై కట్టి ఆకుపచ్చ మూత పెట్టెలో పెట్టాను.

పోటీ రోజు పొద్దున్నే బీరువా తీశాను. రెండు పెట్టెలూ సంచిలో వేసుకున్నాను. ఎర్రది ఎందుకు తీశాను? తొందరలో చెయ్యి తగిలి వచ్చిందనుకుంటా. అలా అని నాకు నేను కొన్ని వేలసార్లు చెప్పుకున్నాను. రేంజిలో ఓబులేసు చెయ్యి చాపాడు. ఎర్ర మూత పెట్టె అతని చేతిలో పెట్టాను. మూతల రంగు ఆ క్షణంలో నా కంటికి ఆనలేదేమో. ఆనే ఉంటుందేమో. ఆ పొద్దు టీలో చక్కెర తక్కువైందని కూడా నాకు గుర్తుంది. మూత రంగు చూశానో లేదో మాత్రం గుర్తుకు రాదు. ఇదేం మతిమరుపు?

ముందు అతనే కాల్చాడు. పది తూటాలు. టార్గెట్ కాగితం తెచ్చి చూస్తే, పక్కలకు ఒక్కటీ పోలేదు. గాలిని అంత బాగా పట్టాడు. కాని పది రంధ్రాలూ పైనుంచి కిందికి, దారానికి గుచ్చినట్టు, నిలువునా ఉన్నాయి. ఓబులేసు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందన్నా నాకు? గాలి సరిగానే పట్టుకుంటి గదా. ఎప్పుడూ ఇట్ల పడలే."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. తూటాలో మందు హెచ్చుతగ్గులైతే రంధ్రాలు ఇలా నిలువునా పడతాయి. కాల్చేవాడు ఊపిరి సరిగా నిలపకపోయినా అచ్చం ఇలాగే పడతాయి. కాగితం చూసి ఏది కారణమో ఎవరూ చెప్పలేరు. మందును అనుమానించగలిగేది నేనొక్కణ్ణే.

"ఊపిరి నిలపలేదేమోప్పా," అన్నాను. "ఊపిరి పట్టు తప్పితే ఇట్లే పైకీ కిందికీ పడతాయి."

"తూటాల్లో యేమన్నా తేడా ఉండాదంటావా?" అన్నాడు. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "ఛీ, ఏం మాట అది. నువ్వు తూసినేవి గదా. నాదే తప్పన్నా."

నేను అతని భుజం తట్టాను. మాట కంటే ఆ తట్టడమే నన్ను ఎక్కువ వేధిస్తుంది.

తరువాత నేను కాల్చాను. బాగానే పడ్డాయి. రాష్ట్ర పోటీలకు వెళ్లాను, చెప్పుకోదగ్గ చోటేమీ రాలేదు. ఓబులేసు ఆ తరువాత కొన్ని నెలలు ఊపిరి బిగబట్టే సాధన చేశాడు. ఎంత చేసినా ట్రిగ్గరు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి గుర్తొచ్చి చెయ్యి బిగుసుకుపోయేది. గుండెలో ఏదో జబ్బుందని అనంతపురం వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఏమీ లేదన్నారు. నమ్మలేదు. క్లబ్బు మానేశాడు. ఇప్పుడు గాలిమరల దగ్గర వాచ్‌మన్. గాలి తెలిసినవాడు గాలిమరలకు కాపలా కాస్తున్నాడని క్లబ్బులో ఒకరు జోకు వేస్తే, అందరితోపాటు నేనూ నవ్వాను.

పోయిన వారం ఓబులేసు తన పెళ్లాం కమ్మలు తీసుకుని కొట్టుకు వచ్చాడు. ఒకదాని కొక్కెం ఊడింది. మా కొట్టుకున్నవి మూడే మెట్లు. రెండో మెట్టు మీద ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాకేసి చూసి నవ్వాడు. "నా ఊపిరి సంగతి నీకు తెల్సు గదన్నా," అన్నాడు. నలభై కూడా నిండని మనిషి. గుట్టలెక్కి గొర్రెలు తోలిన మనిషి.

కమ్మలు కాటా మీద పెట్టబోతూ, అలవాటుగా, సున్నా చూడమన్నాను. అతను చూడలేదు. "నువ్వు తూస్తాంటే నేను సూసేదేముండాదన్నా," అన్నాడు.

ఆ సాయంత్రం క్లబ్బుకు వెళ్లి బీరువా తీశాను. మూలన ఎర్ర మూత పెట్టె ఇంకా ఉంది. లోపల పది తూటాలు. వాటిని కాల్చి చూద్దామనుకున్నాను. నిలువునా పడితే తప్పు నాది. ఒకే చోట పడితే అతని ఊపిరిదే తప్పు, నేను బయటపడొచ్చు. రైఫిళ్లు పెట్టే చోటి తాళం చెవి చేతిలోకి తీసుకున్నాను. నేనేం వెతుకుతున్నాను? నిజాన్నా, సాకునా? కాటా ఎన్నో తూటా దగ్గర తప్పిందో నాకు తెలియదు కదా. అతను కాల్చిన పదీ మంచివే అయ్యుండొచ్చు. అతని ఊపిరి ఆ రోజు నిజంగానే తప్పి ఉండొచ్చు. తలచుకుంటుంటే తల దిమ్మెక్కుతుంది.

అప్పుడే పక్కనున్న ఆకుపచ్చ మూత పెట్టె కనపడింది. తెరిచాను. అందులోనూ పది ఉన్నాయి.

మనిషికి పదే కాల్చాలి. సరైనవి ఇరవై కట్టాను. ఇద్దరికీ సరిపడా కట్టాను. ఆకుపచ్చ పెట్టె ఒక్కటే తెచ్చి చెరి సగం పంచుకుంటే సరిపోయేది. రెండో పెట్టెతో పనే లేదు. తొందరలో చెయ్యి తగలడం ఏమీ లేదు. ఎర్ర మూత కాబట్టే ఇచ్చాను. తెలిసే ఇచ్చాను.

ఆ తూటాలు కాల్చలేదు. ఇక కాల్చను. అవి ఎలా పడినా ఈ మాట మారదు. అతని ఓటమికి కారణం మందో, ఊపిరో నాకు ఎప్పటికీ తెలియదు. అందులో గందరగోళం అలాగే ఉంది, నేను పోయేదాకా ఉంటుంది. నేను ఏం చేశానన్న దాంట్లో మాత్రం లేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి 'తెలిసే ఇచ్చాను' అన్న ఈ ఒక్క వాక్యం చివర 'అనుకుంటా' అని రాయకుండా ఆపగలిగాను. కాస్త తేలికగా ఉంది. అలా తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు.

కొక్కెం అతికించాను. శుక్రవారం కమ్మల కోసం వస్తాడు. మళ్లీ ఆ రెండో మెట్టు మీద ఆగుతాడు.