ఆపినందుకు వచ్చిన పతకం

2008 వర్షాకాలంలో నన్ను భద్రాచలం వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను రాకెట్ ప్రయోగ కేంద్రంలో భద్రతా విభాగం ఇంజినీరుని. అంతరిక్ష కార్యక్రమంలో విశిష్ట నాయకత్వానికి ప్రభుత్వం ఇచ్చే పతకం ఆ ఏడు మా సహోద్యోగి సుధాకర్‌కు వచ్చింది. ప్రకటించేనాటికి ఆయన లేడు. కామెర్లు ముదిరి చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి పతకం అందుకోవాల్సింది తండ్రి. ఆయనేమో ఢిల్లీకి రానన్నాడు. అలాంటప్పుడు పతకాన్ని వాళ్ల సొంత ఊరికి పంపి, ఆర్డీవో చేత ఇంటి దగ్గర ఇప్పిస్తారు. ప్రయోగ కేంద్రం తరఫున ఒకరు వెంట ఉండాలి. సుధాకర్ పక్క బల్ల దగ్గర పనిచేసినవాణ్ణని నన్ను పంపారు.

తండ్రి దానియేలు గారు మిషన్ దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆపరేషన్ థియేటర్‌లోనే సగం జీవితం గడిపిన మనిషి. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసే కూతురు విమల ఆయన్ను చూసుకుంటోంది. నేను చేరిన మర్నాడు ఆర్డీవో గారు వచ్చి, నిలబడి ప్రశంసాపత్రం చదివారు. అసాధారణ నాయకత్వ పటిమ, అచంచల అంకితభావం. ఎవరి పేరు పెట్టినా సరిపోయే మాటలు. వింటుంటే నాకు ఒళ్లు మండింది.

పెద్దాయన చెయ్యి చాపలేదు. "నాకొద్దు సారూ. రాకెట్ను ఆపి పరువు తీసినోడికి పతకమేంది? చచ్చిపోయిండని జాలిపడి ఇస్తున్నరా?" అన్నారు.

ఆర్డీవో గారు నా వైపు చూశారు. విమల నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పింది. ప్రయోగం రోజున చర్చి వరండాలో టీవీ పెట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. రాకెట్ లేవలేదు. ఆపింది సుధాకరేనని వార్తల్లో చెప్పారు.

"నాయిన ఫోన్ చేసి, గంతమంది ముందల తలదించుకునేటట్టు చేసినవ్ అన్నడు. అన్న ఏం చెప్పలే. తర్వాత ఇంటికొచ్చినా ఇద్దరూ గా ముచ్చట ఎత్తలే. గట్లనే పోయిండు" అంది.

సుధాకర్ ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ప్రయోగం ఆగితే మా దగ్గర విచారణ సంఘం వేస్తారు. అది ముగిసేదాకా సంబంధించినవాళ్లు ఇంట్లో కూడా నోరు మెదపకూడదు. నివేదిక వచ్చేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ కబురు ఆయనదాకా చేరలేదు. నేను మా డైరెక్టరుకు ఫోన్ చేశాను. విచారణ ముగిసింది కాబట్టి జరిగింది చెప్పవచ్చన్నారు.

వెనక్కి వచ్చి పెద్దాయన ఎదురుగా కూర్చుని చెప్పాను. రాకెట్ లేచే ముందు ఒక్కో విభాగం అధిపతి తన వంతు రాగానే 'గో' అనాలి. చివరి నిమిషాల్లో పని కంప్యూటర్ చేతికి పోతుంది; ఏ కొలత హద్దు దాటినా అదే ఆపేస్తుంది. సుధాకర్ వాహన సంచాలకుడు, అంటే రాకెట్ మొత్తానికి జవాబుదారీ. ఆ రోజు ఒక ట్యాంకులో పీడనం సన్నగా జారుతోంది. హద్దులోనే ఉంది. అందరూ గో అన్నారు. అవతల గ్యాలరీలో మంత్రులు, టీవీ కెమెరాలు. సుధాకర్ 'హోల్డ్' అన్నాడు. పైనుంచి రెట్టించి అడిగినా ఆ మాటే అన్నాడు. తర్వాత విప్పి చూస్తే లోపల లీకు కాకుండా బిగించే సీలు చీలి ఉంది. ఎగిరి ఉంటే మా కళ్ల ముందే పేలిపోయేది.

"హద్దులనే ఉన్నదంటున్నరు. మరి వానికెట్ల తెలిసింది?" అని అడిగారు దానియేలు గారు.

జారుతున్న తీరు తనకు నచ్చలేదన్నాడని చెప్పాను.

ఆయన తన దవాఖానా సంగతి ఎత్తారు. "మా డాక్టరమ్మ ఒకసారి ఆపరేషన్ బల్ల మీదికెక్కించిన పేషెంటును దింపేసింది. నాడి మంచిగనే ఉండె. ఆమెకేందో తేడా కొట్టింది. పేషెంటు ఇంటోళ్లు నానా మాటలన్నరు. ఆమె దిక్కు నిలబడి నేనే వాళ్లతోని కొట్లాడిన. నా కొడుకు గదే పని చేస్తే తిట్టిన."

ఆర్డీవో గారు మళ్లీ పతకం అందించబోతే పెద్దాయన ఆగమన్నారు. "నాకొక్కనికి చెప్తే సాలదు సారూ. గా దినం చూసినోళ్లందరికీ చెప్పుండ్రి."

వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధన నడుమ సాక్ష్యాల సమయం ఉంటుంది. తమకు జరిగిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. పతకం అక్కడ ఇవ్వవచ్చని మా నిబంధనల్లో ఎక్కడా లేదు. వద్దనీ లేదన్నారు ఆర్డీవో గారు. ఆదివారం దాకా ఆగి, పాస్టరు గారు పిలిచినప్పుడు లేచి జరిగిందంతా చెప్పాను. నేను కూర్చున్నాక దానియేలు గారు లేచారు. "నా కొడుకు రాకెట్ను ఆపిండు. ఆపినందుకే గీ పతకం. వాడు బతికుండంగ నేనీ మాట అనలేదు" అని, ఆర్డీవో గారి నుంచి రెండు చేతులతో పతకం తీసుకున్నారు. విమల ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

తర్వాత కొన్నేళ్లు ప్రశంసాపత్రాలు రాసే పని నాకే పడింది. ఆ మనిషి నిజంగా ఏం చేశాడో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా ఒక్క వాక్యమైనా ఉండాలని పట్టుబట్టాను. విచారణ ముగిసిన రోజే సంబంధించినవాళ్ల ఇంటికి ఒక మనిషిని పంపి జరిగింది చెప్పించాలని కూడా పైవారికి రాశాను, ఒప్పుకున్నారు. సుధాకర్ విషయంలో అలా ఎవరూ వెళ్లలేదు. నివేదిక వచ్చిన రోజు దానియేలు గారు ఆసుపత్రిలో కొడుకు మంచం పక్కనే కూర్చుని ఉన్నారు. సుధాకర్‌కు అప్పటికింకా స్పృహ ఉంది.