ఇటలీ ద్రాక్ష కొండల్లో మా అధ్యయన భోజనం

2009లో నన్ను నారాయణఖేడ్ డివిజన్‌లో మెట్టభూముల పథకం ఒకదానికి సాంకేతిక సహాయకుడిగా వేశారు. ఆ అక్టోబరులోనే ఇటలీకి పంపారు. ముప్పై మూడేళ్ల వయసుకే ఆ ఉద్యోగం వదిలేసినవాణ్ని. విశ్రాంత ఉద్యోగుల సంచికకు రాయడానికి అది అడ్డు కాదని సంపాదకులు అన్నారు కనుక రాస్తున్నాను.

పథకం ఉద్దేశం సులభంగా చెప్పవచ్చు. మనూరు వైపు వాలు భూముల్లో కంది తీసేసి వైను ద్రాక్ష పెట్టించాలి. ఇటలీ వాయవ్యాన లాంగె అనే కొండల ప్రాంతంలో వాలు మీద ద్రాక్ష పండుతుంది. మనూరులోనూ వాలు ఉంది. పోలిక అక్కడితో అయిపోయింది. ఆ సంగతి నోట్ రాసి పెట్టబోతే, పై అధికారులు అధ్యయన యాత్ర పూర్తయ్యేదాకా సాంకేతిక అభిప్రాయం ఫైల్లోకి ఎక్కకూడదన్నారు. అభిప్రాయం ముందే ఉంటే అధ్యయనం దేనికని వారి ప్రశ్న. జవాబు చెప్పడం కష్టం.

బృందంలో ముగ్గురం. నాయకుడు డిప్యూటీ డైరెక్టర్ గారు. ఆఫీసులో అందరం డీడీ గారు అనేవాళ్లం. నేను, రైతును వెంట ఉండి తిప్పే బాధ్యతతో. ఆ మాట ఉత్తర్వులోనే ఉంది. మూడో మనిషి ఖాజామియా, పథకం ఎంచుకున్న నమూనా రైతు. మనూరు దగ్గర నాలుగెకరాలు, ఒక బోరు, అంతకుమించి ఏమీ లేదు. తిరిగి రాగానే అంగీకార పత్రం మీద సంతకం పెడితే ఆయన కంది పోయి ద్రాక్ష వస్తుంది. మూడేళ్లదాకా పంట చేతికి రాదు. అంటే, ముగ్గురిలో నిజంగా పని మీద వెళ్లింది ఆయనొక్కడే.

మొదటి రెండు రోజులు కొండ మీది ఊళ్లు, నేలమాళిగల్లో పీపాలు, వైను రుచి చూడటం. దానికో పద్ధతి ఉంది. గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కన పెట్టిన బకెట్లో ఉమ్మేయాలి. పిలిచి పోసింది ఉమ్మితే దేశానికి అమర్యాద అని డీడీ గారు ప్రతి గ్లాసూ మింగారు. దేశం గౌరవం సాయంత్రానికి బాగా పెరిగింది. గ్లాసు ముట్టని ఖాజామియా బకెట్ వైపు చూసి, “గిదేంది సారూ, ఉమ్మేసుడే ఉంటే గింత కష్టపడి పండించుడెందుకు?” అన్నాడు.

మూడో రోజు పట్టికలో “మధ్యాహ్న భోజనం, అనంతరం వాలు తోట పరిశీలన” అని ఉంది. యాత్ర మొత్తంలో తోట చూడటానికి ఉంచిన సమయం అదే. తోట యజమాని పియెత్రో ఇంట్లోనే భోజనం. ముందు కాల్చిన కారం లేని మిరపకాయలు వచ్చాయి, తర్వాత చేపలు, వెల్లుల్లి కలిపి నూరిన ముద్దలో ముంచి తినే కూరగాయలు, తర్వాత సన్నగా తరిగిన పచ్చి మాంసం. ఇదే భోజనమనుకుని డీడీ గారు మిరపకాయలు, రొట్టెతోనే కడుపు నింపుకున్నారు. అది ఆరంభమని అక్కడ మాకిచ్చిన దుబాసీ అమ్మాయి చెప్పింది. గుడ్డు పచ్చసొనతో చేసిన సన్నని సేమ్యా వచ్చింది. డీడీ గారు శాకాహారి. గుడ్డు శాకాహారమని ఇటలీలో దిగాక నిర్ణయించారు. ఆపైన ఇంకో మాంసం, జున్ను, హేజల్‌నట్ కేకు. ఖాజామియా రొట్టె, మిరపకాయలు తిని చాలించాడు.

మా శాఖలో ఒక నియమం ఉంది, ఎక్కడా రాసి ఉండదు: పై అధికారి లేవకుండా కింది వాడు బల్ల దగ్గర నుంచి లేవకూడదు. వడ్డిస్తుండగా లేవడం అతిథికి తగదని డీడీ గారి నియమం. అతిథులు కూర్చుని ఉండగా వడ్డన ఆపకూడదని పియెత్రో నియమం. మూడూ కలిసి చక్కగా పనిచేశాయి. మీ అధికారికి కడుపు నిండదా అని పియెత్రో అడుగుతున్నాడని దుబాసీ నా చెవిలో చెప్పింది.

ఖాజామియా కిటికీలోంచి చూసి, “సారూ, పొద్దు గూకుతుంది. చేను ఎప్పుడు జూస్తం?” అన్నాడు.

ఈ ఒక్కటీ అయిపోనివ్వమన్నారు డీడీ గారు.

“గా ముచ్చట రెండు ప్లేట్ల కిందనే అన్నరు.” ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. “మీరు నౌకరోళ్లు, కూసోండ్రి. నాకు నౌకరి లేదు. నేను పోయొస్త.”

డీడీ గారు నా వైపు చూశారు. రైతును ఒంటరిగా వదలరాదన్న ఉత్తర్వును గుర్తుచేసి నేనూ లేచాను. దుబాసీ మా వెనకే వచ్చింది.

వాలు మీద తెల్లటి జిగట మట్టి. నీటి గొట్టాలు ఎక్కడా లేవు. తోటకు నీళ్లు కట్టరని, వాన, మంచు చాలునని దుబాసీ చెప్పింది. ఎండాకాలం ఏం చేస్తారని ఖాజామియా అడిగాడు. అప్పుడూ వానలు పడతాయంది.

“ఏప్రిల్ల గూడనా?”

ఏప్రిల్లో బాగా పడతాయంది.

ఆయన మట్టి పిడికిట్లోకి తీసుకుని పిసికాడు. “నా బోరు మార్చిలనే గాలి కొడ్తది.”

ఇక్కడ తీగ చలికి నిద్రపోతుందని, మన దగ్గర నిద్రపోదని, ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఎండాకాలమంతా నీళ్లివ్వాలని చెప్పాను.

“గీ సంగతి మీకు ఎప్పటిసంది ఎరుక?”

నారాయణఖేడ్‌లో ఉన్నప్పుడే తెలుసన్నాను.

“మరి గింత దూరం ఎందుకు తోల్కొచ్చిన్రు?”

అక్కడ చెప్పడానికి వీల్లేదన్నాను.

“మస్తుంది సారూ మీ ఆఫీసు. మనూరు ఆటోల చెప్తే అయిపోతుండె.”

మేం లేవడంతో భోజనం ముగిసిందనుకుని పియెత్రో వడ్డన ఆపాడు. డీడీ గారు బయటికి వచ్చేసరికి చీకటి పడింది. ఆ చీకట్లోనే తోటను పరిశీలించారు.

నారాయణఖేడ్ తిరిగొచ్చాక సమావేశంలో అంగీకార పత్రం ఖాజామియా ముందు పెట్టారు. ఆయన దాన్ని వెనక్కి తోశాడు. “నా కంది నాకు ఉండనియ్యిండ్రి.” ఇంత ఖర్చు పెట్టి ఇటలీ చూపించాం కదా అన్నారు డీడీ గారు. “చూపించిన్రు గనుకనే వద్దంటున్న.”

పథకం ఆగింది. యాత్ర నివేదిక మాత్రం సకాలంలో అందింది. భోజనం గురించి వివరంగా, తోట గురించి “వాతావరణం ఆహ్లాదకరం” అని ఉంది.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా నా చేతిమీదుగా వెళ్లిన ప్రతి పర్యటన పట్టికలో పొలాన్ని భోజనానికి ముందు పెట్టాను. బృందంలో ఉద్యోగి కాని మనిషి ఒకరు తప్పక ఉండేలా చూశాను. బల్ల దగ్గర నుంచి ముందుగా లేవడానికి ఒకరు కావాలి.