ఫోన్ల భాయ్ పొద్దుటి కేక

పోయిన నెల మన కాలనీ గ్రూపులో మీరు పెట్టిన కబురు ఇది: “ఫోన్లు బాగుచేసే భాయ్ కడప ఆసుపత్రిలో కన్నుమూశారు.” కన్నుమూసిన మాట నిజం. బాగుచేసే అన్నది తప్పు. చెడిపోయాక వచ్చేవాణ్ణి అలా అంటారు. ఆయన చెడిపోకముందే వచ్చేవాడు. బడిలో ముప్ఫై ఏళ్ళు తప్పులు దిద్దిన చెయ్యి ఊరుకోక మన కాలనీ పత్రికకు ఇది రాస్తున్నాను.

ఎర్రగుంట్లలో ఈ సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లకు తీగల ఫోన్లున్న నాటి నుంచీ ఆయనే దిక్కు. ఇంటర్నెట్ ఫోన్లు వచ్చాక ఆయన పని అయిపోయిందనుకున్నాం. ఆయన కళ్ళజోడు మార్చుకుని కొత్త విద్య నేర్చుకున్నాడు. రోజూ పొద్దున దుమ్ము కొట్టుకున్న స్కూటరు మా గేటు ముందు ఆపి, దిగకుండానే కేకేసేవాడు.

“అక్కా, ఉండావా?”

“యాడికి పోతానప్పా, ఈడే ఉండా.”

“అయితే సరే.” స్కూటరు కదిలేది. మా సంభాషణ చాలా రోజులు అంతకు మించి సాగలేదు.

ఒకసారి ఆలూరులోని మా చెల్లెలి నుంచి పన్నెండు రోజులు ఫోను రాలేదు. నేను చేయవచ్చు. చేయలేదు. మా ఇంట్లో ఆడపిల్లలకు ఆస్తి పంచలేదు కానీ పంతం మాత్రం సమంగా పంచారు.

“ఏమక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు?” అని అడిగి, సంగతి విని, భాయ్ తన సెల్లు నుంచి మా ఇంటి ఫోనుకు చేశాడు. మోగలేదు. అదే ఫోనులో ఆ పొద్దునే నేను పాలవాడితో పోట్లాడి ఉన్నాను.

“నువ్వు అందర్నీ పిలవగలవు. నిన్ను పిలిస్తేనే అందవు,” అన్నాడు. “నెట్టు పోయి వచ్చినప్పుడల్లా నీ ఫోను చిరునామా మారిపోతాండాది. కాలనీ ఫోన్లన్నీ కలిపే సర్వరు పాత చిరునామాకే పిలుస్తాండాది.”

“కొత్తది కనుక్కోవచ్చు కదప్పా?”

“సర్వరు ఎవుర్నీ వెతుక్కుంటా రాదక్కా. ఫోనే పోయి, నేను ఈడ ఉండా అని చెప్పుకోవాల. గడువు లోపల మల్లా చెప్పకుంటే పేరు కొట్టేస్తాది. కోపంతో కాదు, అది దాని పద్ధతి. నీ ఫోనుకు రోజుకొకతూరి చెప్పమని ఎవురో పెట్టిండారు. శానా తక్కువ.”

అయిదు నిమిషాలకొకసారి చెప్పేలా మార్చి వెళ్ళాడు. సాయంత్రం ఫోను మోగింది. మా చెల్లెలు పన్నెండు రోజుల తిట్లూ కలిపి తిట్టింది. హాయిగా విన్నాను.

ఆ తర్వాత ఒక సోమవారం స్కూటరు రాలేదు. మంగళవారం కూడా రాలేదు. భాయ్‌ని ఆసుపత్రిలో చేర్చారని ఎవరో అన్నారు. వచ్చి చెప్పుకోవలసినవాడు ఆయన కదా అని కూర్చున్నాను. ఆయన నంబరు నాకు కంఠతా వచ్చు. పదకొండు రోజులు సర్వరులా కూర్చున్నాను. పన్నెండో రోజు మీ కబురు వచ్చింది. ఇప్పటికీ పొద్దున ఏ స్కూటరు మెల్లగా వచ్చినా, “ఈడే ఉండా” అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగుతుంది.

ఆయన భార్య ఇద్దత్‌లో ఉంది; భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పాటించే గడువు అది, ఇల్లు కదలడం లేదు. ఒక్కతే ఉంది. ఆమెకు సెల్లు లేదు. ఇంట్లో ఉన్నది మన కాలనీ సర్వరు ఫోనే, భాయ్ పెట్టింది. రోజూ చేస్తున్నాను, అందుబాటులో లేదంటోంది. ఎందుకో నాకు తెలుసు. పరామర్శకు జనం నిండిన రోజు కూలరు పెట్టడానికి నెట్టు డబ్బా ప్లగ్గు పీకారు. చూశాను. ఆ రోజు ప్లగ్గు సంగతి ఎత్తే రోజు కాదు. అప్పుడు ఇద్దరు మనుషులు నన్ను చక్రాల కుర్చీతో సహా భాయ్ ఇంటి మిద్దె ఎక్కించారు. మళ్ళీ ఆ శిక్ష వాళ్ళకు వేయలేను.

కాబట్టి ఈ ఆదివారం మీలో ఆడవాళ్ళెవరైనా వెళ్ళండి. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్ళండి. కూలరు తీసేస్తే ఆమె ఉడికిపోతుంది. బీరువా పక్కనున్న డబ్బాకు ప్లగ్గు పెట్టండి. ఫోను మీద పచ్చదీపం వెలిగేదాకా ఆగండి, తొందరపడి మెట్లు దిగకండి. వెలిగాక అక్కడి నుంచి మా ఇంటికి ఒక్క రింగివ్వండి. ఆమెతో మాత్రం చెప్పి రండి: సోమవారం నుంచి రోజూ పొద్దున, స్కూటరు బయల్దేరే వేళకు, ఫోను దగ్గర కూర్చోమని.